ఆరోగ్య ప్రసంగములు: తన్ను తాను తిను కణము



గడచిన మాసమున వచ్చిన జాబులలో నొకటి నన్ను చాల దినములు విడువలేదు. వ్రాసిన సోదరి తన పేరును ఊరును ప్రకటింపవలదని కోరినది గావున విషయము మాత్రమే చెప్పుదును. ఆమె తోడికోడలికి క్షయ యని వైద్యులు నిర్ణయించి, 6 మాసములు మాత్రలు వాడవలెనని చెప్పిరట. రెండు వారములైన గడవకమున్నే దూరపు బంధు వొకాయన చూడవచ్చి, "కడుపు మాడ్చుకొన్నచో మన కణములే క్రిములను తినివేయునని నేటి శాస్త్రము చెప్పుచున్నది. దీనిని కనుగొనినవానికి నోబెలు బహుమానము వచ్చినది" అని పలికి, తన ఫోనులో నేదో చూపెనట. నాటినుండి యా చిన్నది ఒంటిపూట భోజనము చేయుచున్నది. "ఉపవాసము పుణ్యమే గదా యని మా అత్తగారును ఊరకున్నారు. నాకు మాత్రము దాని మెడ యెముకలు చూచిన భయము వేయుచున్నది. శాస్త్రము నిజముగా నట్లు చెప్పుచున్నదా?" అని యా సోదరి ప్రశ్న.

జవాబు ముందుగానే చెప్పెదను. శాస్త్ర మట్లు చెప్పుటలేదు. ఆ చిన్నది నేటి రాత్రినుండియే కడుపునిండ భుజింపవలెను. ఈ పుటలో నింతమాత్రము చదివి తక్కినది రేపు చదువుకొన్నను నాకు చింతలేదు. కాని యా బంధువు చెప్పినది కేవలము కల్ల యనుటకును వీలులేదు. ఆయన చేతికి చిక్కినది ఒక గొప్ప సత్యముయొక్క తునక. ఆ సత్య మేమో తెలిసికొన్నచో, ఆయన యెచ్చట దారి తప్పెనో మనకే తెలియును. నేను వైద్యురాలను గాను. చదివినదియు, తెలిసినవారి నడిగి తెలిసికొన్నదియు వ్రాయుచున్నాను.

మన దేహమందలి కణములు లక్షలకొలది కోట్లు. ఒక్కొక్కటి కంటికి కనబడనంత చిన్నదైనను, దానిలో నొక కాపురమునకు వలయు హంగులన్నియు కలవు. శక్తిని పుట్టించు పొయ్యిలవంటి మైటోకాండ్రియాలు కలవు. పనులు చక్కబెట్టు మాంసకృత్తులు వేల రకములు కలవు. కాపురమన్న తరువాత వస్తువులు పాతబడును, విఱుగును. చెడిన పొయ్యి యూరకుండక పొగ చిమ్మి యిల్లెల్ల మసిచేయును. కణము వీనిని వీధిలో పాఱవేయదు. చెడిన భాగముచుట్టు రెండు పొరల పలుచని సంచి నల్లి, పొట్లము కట్టినట్లు కట్టి, లైసోసోమను ఆమ్లపు తిత్తియొద్దకు చేర్చును. పొట్లమును తిత్తియు నొకటిగా కలిసిపోవును. తిత్తిలోని జీర్ణరసములు లోపలి సరకును ముక్కలు ముక్కలు చేయును. ఆ ముక్కలతో కణము మరల క్రొత్త మాంసకృత్తులను కట్టుకొనును. పాత వంకీలు కరగించి గాజులు చేయించుకొను మనకు ఇది వింతగాదు. కంసాలికి కూలి యిచ్చినట్లే కణమును దీనికి కొంత శక్తి వెచ్చింపవలసి యుండును.

ఆ యామ్లపు తిత్తిని 1955 లో బెల్జియము దేశస్థుడగు క్రిస్టియన్ డి డ్యూవ్ కనుగొనెను. కణము తన సొంత భాగములనే తిత్తిలో వేసికొని జీర్ణించుకొను ఈ పనికి 1963 లో 'ఆటోఫజీ' అని పేరు పెట్టినవాడు నాయనయే. గ్రీకు భాషలో దాని యర్థము తన్ను తాను తినుట. మనము స్వభక్షణ మందము. పేరు పెట్టిన తరువాత పాతిక సంవత్సరములు దీనిని పట్టించుకొన్నవారు మిక్కిలి తక్కువ. చెత్త యూడ్చు పనిపై నెవరి దృష్టి పడును? ఇంటిలోనైన నంతే గదా!

1988 లో టోక్యో విశ్వవిద్యాలయమున యోషినోరి ఓసుమి యను 43 ఏండ్ల ఆచార్యుడు తన సొంత పరిశోధనశాలను తెఱచెను. ఆయన యెన్నుకొన్న ప్రాణి రొట్టె పొంగుటకు వేయు యీస్టు. జీర్ణరసములు లోపించిన యీస్టును తెచ్చి, దాని కాహారము లేకుండ చేసెను. కొన్ని గంటలలోనే దాని తిత్తి చిన్న చిన్న పొట్లములతో నిండిపోయెను. పొట్లములు వచ్చుచున్నవి, కాని యరుగుటలేదు. అందుచేత కంటికి కనబడినవి. 1992 లో దీనిని ప్రకటించి, మఱుసటి యేట ఈ పనికి ముఖ్యములగు 15 జన్యువులను గుర్తించెను. మన కణములలోను వానివంటి జన్యువులే కలవని తరువాత తేలినది. 2016 లో వైద్యశాస్త్రపు నోబెలు బహుమాన మాయన యొక్కనికే వచ్చినది. బంధువు చెప్పిన బహుమాన మిదియే. అయితే ఓసుమి పస్తుంచినది యీస్టును గాని మనుష్యుని గాదు. బహుమానము వచ్చినది ఆ పని జరుగు తీరును కనుగొన్నందులకు గాని ఉపవాసమునకు గాదు.

ఇక క్షయ మాట. దీనికి ముందు మన దేహపు కావలివాండ్రను గుఱించి చెప్పవలెను.

1882 లో ఇలియా మెచ్నికోఫ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు సిసిలీ ద్వీపమున మెస్సీనా పట్టణమందు కాపురముండెను. ఒకనాడు ఇంటివారందఱును సర్కసులో కోతుల యాట చూడబోయిరి. ఆయన యొక్కడును సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి, నీటివలె స్వచ్ఛములగు నక్షత్రమత్స్యపు పిల్లల దేహములలో తిరుగాడు కణములను చూచుచుండెను. పరాయి వస్తువు దిగినచో నీ కణములు దానిపై కేగునా యని యకస్మాత్తుగా తోచినది. తోటలోనికి బోయి గులాబిముండ్లు తెచ్చి యా పిల్లల చర్మముక్రింద గ్రుచ్చెను. ఆ రాత్రి యాయనకు నిద్రలేదు. తెల్లవారి చూడగా ముంటిచుట్టును కణములు మూగియుండెను. మన వ్రేలిలో ముల్లు విఱిగిన మఱునాడు చీము పట్టుట మన మెఱుగనిదా? చూచినవారు కోట్లమంది, చూచి ప్రశ్నించినవా డాయన. 1908 లో పాల్ ఎర్లిఖ్‌తో కలిసి నోబెలు బహుమాన మందుకొనెను. మెస్సీనాలో నీ ముండ్ల పరీక్ష జరిగిన 1882 లోనే మార్చి 24 న బెర్లిను నగరమున రాబర్ట్ కోఖ్ క్షయక్రిమిని లోకమునకు చూపెను. ఆ కావలివానికిని ఆ క్రిమికిని గల తగవును తెలిసికొనుటకు మాత్రము నూరేండ్లకు పైగా పట్టినది.

మెచ్నికోఫ్ చూచిన జాతి కావలివానికి మన దేహములో మాక్రోఫేజి యని పేరు. భక్షకకణ మన్న చాలును. క్షయరోగి దగ్గినపుడు వెడలిన క్రిమి మఱియొకరి ఊపిరితిత్తులలోనికి చేరినచో, భక్షకకణము దానిని మ్రింగి యొక సంచిలో నుంచును. ఆ సంచి యామ్లపు తిత్తితో కలిసినచో క్రిమి చావవలసినదే. తక్కిన క్రిములు పెక్కింటికి అదియే గతి. క్షయక్రిమి మాత్రము ఆ కలయికను జరుగనీయదు. ఆమ్లము రానీయక, సంచిలోనే కూర్చుండి, కావలివాని కూడు తినుచు పిల్లలను పెంచును. ఒక్కొక్కప్పుడు సంచికి చిల్లుపెట్టి కణము నడిమింటిలోనికే వచ్చును. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడను సామెత దీనికి సరిపోవును. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్క ప్రకారము 2023 లో ఈ రోగము వచ్చినవారు 1 కోటి 8 లక్షలు, చనిపోయినవారు 12 లక్షల 50 వేలు. రోగులలో నూటికి 26 గురు మన దేశస్థులే.

2004 లో అమెరికాయందలి న్యూ మెక్సికో విశ్వవిద్యాలయమున వోయో డెరెటిక్ బృందమువారు ఈ యింటిదొంగను పట్టు నుపాయ మొకటి చూచిరి. భక్షకకణములను గాజుపళ్లెములో పెంచి, వానిలో క్షయజాతి క్రిములను చేర్చి, పిమ్మట వాని కాహారమును కొన్ని గంటలు నిలిపిరి. కణములలో స్వభక్షణము చెలరేగినది. తన చెత్తను కట్టిన పొట్లములతోనే కణము క్రిమి దాగిన సంచినిగూడ పట్టి యామ్లపు తిత్తికి చేర్చినది. బ్రదికిన క్రిముల సంఖ్య తగ్గినది. అదే యేట జపానువారు గొంతునొప్పి తెచ్చు స్ట్రెప్టొకాకస్ క్రిమిని సయితము కణము లిట్లే పొట్లము కట్టి చంపుట చూచిరి. చీపురు పట్టిన చేతనే దొంగను పట్టినట్లయినది. బంధువుగారి చేతికి చిక్కిన సత్యపు తునక యిదియే.

ఇందులో చిక్కులును లేకపోలేదు. 2015 లో అమెరికాలోని సెయింట్ లూయిస్ శాస్త్రజ్ఞులు ఎలుకలలో పరీక్షించి, స్వభక్షణపు జన్యువులలో కొన్నిటిని తొలగించినను క్షయ ముదురలేదనియు, వానిలో నొకటి చేయు మేలు మఱియొక మార్గమున జరుగుచున్నదనియు చూపిరి. ఇక నీ మాట ముగిసినదని కొందఱనుకొనిరి. 2023 లో లండను నగరపు ఫ్రాన్సిస్ క్రిక్ సంస్థలో మనుష్యుల భక్షకకణములను తీసికొని చూడగా, ఆ జన్యువులు లేని కణములలో క్రిమి విజృంభించినది. ఎలుకకును మనకును భేదము కలదు; పళ్లెములోని కణమునకును దేహములోని కణమునకును భేదము కలదు. ఫోనులోని నాలుగు పంక్తులలో నీ భేదములకు చోటుండదు.

స్వభక్షణము కావలివాండ్రకు చేయు నుపకారములు మఱికొన్ని కలవు. వానిని క్లుప్తముగా చెప్పి సాగెదను. ఒకసారి వచ్చిన రోగమును గుర్తుంచుకొను కణములు ఏండ్లతరబడి బ్రదికియుండుటకు ఇది కావలెను. ముసలితనమున నీ పని మందగించుటయు, టీకాలు వృద్ధులలో తక్కువగా పనిచేయుటకు గల కారణములలో నొకటి యని పరిశోధకుల యభిప్రాయము. భక్షకకణము చెడిన పొయ్యిలను తీసివేయలేనిచో నూరకనే కోపగించి దేహమున మంట పుట్టించును. ప్రేగుల వాపగు క్రోన్ వ్యాధి కొందఱికి వచ్చుటలో స్వభక్షణ జన్యు వొకదాని లోపమునకు పాలు కలదని 2007 లో తెలిసినది.

ఇప్పుడు సోదరి ప్రశ్నకు వత్తము. పళ్లెములో కణమును పస్తుంచినపుడు క్రిమి చచ్చినది గదా, మనిషిని పస్తుంచిన నేల చావదు?

పళ్లెములోని కణమునకు పస్తు కొన్ని గంటలే. మఱి దానికి వేఱొక పని లేదు. దేహములో నట్లుగాదు. క్రిమిని చుట్టుముట్టుటకు కావలి కణములు వేలు లక్షలుగా పెరుగవలెను. ఒక కణము రెండగుటకు ఇంకొక కణమునకు చాలినంత మాంసకృత్తు క్రొత్తగా కావలెను. పాత నగలు కరగించిన గాజులు వచ్చును గాని బంగారము పెరుగునా? ఆకలి దినములు వారములైనచో దేహము చెడిన వస్తువులతో ఆగదు, కండను కరగించును. కఱవు కాలమున నగలమ్ముకొని తిన్న సంసారము వంటి దగును. చాలకాలము తిండి చాలని బిడ్డలలో, కావలి కణములకు శిక్షణ నిచ్చు థైమస్ గ్రంథి కుంచించుకొనిపోవునని వైద్యు లెన్నడో చూచిరి. మఱియు, ఇన్ని గంట లుపవసించిన నీ యవయవములో నింత స్వభక్షణము జరిగెనని కొలిచి చెప్పు సులువైన పరీక్ష మనుష్యులకు నేటికిని లేదు. ఉన్నట్లు చెప్పువారు ఊహించి చెప్పుచున్నారు.

ఇంకొక ముచ్చట. 2012 లో కొరియా శాస్త్రజ్ఞులు చూపినదేమనగా, క్షయకు మన మిచ్చు ఐసోనియాజిడ్, పైరజినమైడ్ అను మందులు క్రిమి పట్టిన భక్షకకణములో స్వభక్షణమును తామే రేపును. ఆ పని జరుగనిచో మందుల శక్తియు తగ్గును. కనుక సోదరీ, మీ తోడికోడలు ఉదయమున మ్రింగు మాత్రయే యా బంధువు కోరు పనిని చేయించుచున్నది. దానికై కడుపు మాడ్చుకొన నక్కఱలేదు. వైద్యులు మాత్రలను పరగడుపున వేసికొమ్మని యుండవచ్చును. పరగడుపు మాత్రకే గాని దినమునకు గాదు.

తిండి క్షయపై నేమి చేయునో ఊహతో పనిలేదు. మన దేశముననే పరీక్షించి చూచిరి. జార్ఖండు రాష్ట్రమున నాలుగు జిల్లాలలో 2019 నుండి డాక్టరు అనురాగ్ భార్గవ, డాక్టరు మాధవీ భార్గవ మొదలగువారు నడపిన పరీక్ష అది. 2,800 మంది రోగులు, వారి యిండ్లలోని 10,345 గురు కుటుంబీకులు అందులో చేరిరి. రోగులలో నూటికి 80 మందికి పైగా బరువు చాలనివారే. రోగుల కందఱికిని ఆహార మిచ్చిరి. కుటుంబీకులలో సగము వర్గమునకు మాత్రము నెలనెల బియ్యము, పప్పు, విటమినులు ఇచ్చిరి. దినమునకు మనిషికి సుమారు 750 కెలోరీలు, 23 గ్రాముల మాంసకృత్తు అదనముగా వచ్చునట్లు లెక్క. 2023 లో ఫలితములు వెలువడినవి. ఆహార మందిన కుటుంబములలో క్రొత్తగా క్షయ వచ్చుట నూటికి 39 పాళ్లు తగ్గినది. పరీక్షలో క్రిమి కనబడిన ఊపిరితిత్తుల క్షయ నూటికి 48 పాళ్లు తగ్గినది. రోగుల మాట యింకను గమనింపదగినది: మొదటి రెండు మాసములలో బరువు నూటికి 5 పాళ్లు పెరిగినవారిలో మరణాపాయము నూటికి 61 పాళ్లు తక్కువగా నుండెను. బియ్యమును పప్పును! మందుల దుకాణమున దొరకు వస్తువులు గావు.

మందులు పుట్టకముందు మనవారును దీనిని గ్రహించియుండిరి. మదనపల్లె దాపున 1915 లో వెలసిన ఆరోగ్యవరపు క్షయ చికిత్సాలయము వంటి చోట్ల విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన భోజనము, ఇవియే చికిత్స. వీనితోనే రోగము కుదురునని చెప్పరాదు. మాత్రలు వచ్చిన తరువాతనే క్షయ కుదురు రోగమైనది. మాత్రలును కావలెను, మెతుకును కావలెను.

ఇప్పుడు చేయవలసిన పని. మీ తోడికోడలికి రెండుపూటల భోజనముతోపాటు మధ్యమధ్య మఱి రెండుసార్లు ఏమైన పెట్టుడు. మొదటి వారములలో మందులకు వికారముండి తిండి సహింపదు. అట్టి దినములలో కొంచెము కొంచెముగా నాలుగైదుసార్లు పెట్టుట మేలు. ముద్దపప్పు, పెరుగు, పాలు, అలవాటున్నచో గ్రుడ్డు, వేయించిన వేరుసెనగలు, రాగిజావ, సున్నుండలు, మీ యింట కుదిరినది. మధుమేహము కూడ నున్నచో తీపి మాట వైద్యుల నడుగవలెను. వాంతులు విడువకున్నను, కన్నులు పచ్చబడినను ఆ దినముననే వైద్యుని చూడవలెను. మాత్రలను మాత్రము తమంతట తాము మానరాదు. ఒంట్లో తేలికగా నున్నదని మూడవ మాసమున మానుకొని, మందునకు లొంగని క్షయను తెచ్చుకొన్నవారు కలరు. ఇంటివా రందఱును, ముఖ్యముగా పిల్లలు, పరీక్ష చేయించుకొనవలెను. క్షయరోగుల పోషణకై ప్రభుత్వము నెలకు 500 రూపాయలు 2018 నుండి ఇచ్చుచు, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలు చేసినది. చికిత్స జరుగు ఆరోగ్య కేంద్రమున బ్యాంకు ఖాతా సంఖ్య యిచ్చితిరో లేదో చూచుకొనుడు. ఆ పైకము ఆమె కంచములోనికే చేరవలెను సుమా.

అత్తగారితో మాటాడుటయే కష్టమని మీ జాబునుబట్టి తోచుచున్నది. పెద్దామెతో వాదము పెట్టుకొనవలదు. ఆరోగ్యవంతురా లేకాదశినాడు ఉపవసించుటకు నేనును అడ్డుచెప్పను. రోగులకును, బాలింతలకును, బిడ్డలకును ఆ నియమములో సడలింపు మన పెద్దలే యిచ్చియుండిరి గదా. ఆ సంగతి యామె నోటనే వచ్చునట్లు చూడుడు. మఱొక్క మాట, కోపగింపకుడు. కోడండ్రు అందఱికిని వడ్డించి కడపట మిగిలినది తినునట్టి యిండ్లలో, ఉపవాస మను పేరు లేకయే పస్తు జరుగుచుండును. మీ యింట నట్లున్నచో, ఈ 6 మాసములైన నామెకు ముందు వడ్డింపుడు. మీరు పెద్దకోడలు గావున మీరు మొదలిడిన సాగును.

వారమున కొకమా రొకే వేళకు ఆమెను తూచి గోడమీది క్యాలెండరులో వ్రాసి యుంచుడు. రెండు మాసములు నిండినపుడు మొదటి యంకెయు కడపటి యంకెయు నాకొక కార్డున వ్రాయుడు. బంధువుగారు మరల వచ్చినచో నీ పుటను చదువనిండు. చదివిన తరువాత ఆయనకును భోజనము పెట్టి పంపుడు.